నీడపట్టున

తెలుగులో ‘వయసు’ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఎన్నేళ్ళో చెప్పడం ఒకటి, యవ్వనం అని ఇంకొకటి. ‘వయసులో ఉన్న పిల్ల’ అంటే ఏళ్ళు తక్కువని. ‘వయసు మళ్ళింది’ అంటే ఏళ్ళు పెరిగాయని. ‘వయసైపోయింది’ అన్నప్పుడు మరీ తమాషా. ఏళ్ళు పోగుపడుతున్న కొద్దీ వయసు ఖర్చయిపోతుందన్నమాట. మగవాళ్ళ గురించీ ఈ మాటలు వాడతాం గానీ, ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి లెక్కంతా ఖర్చు పద్దులోనే నడుస్తుంది. ఆ పద్దు రాసేది చర్మం మీద.

ఇంకో మాట కూడా ఉంది. కష్టం తెలియకుండా పెరిగిన పిల్లని ‘నీడపట్టున పెరిగింది’ అంటాం. ‘ఎండ కన్నెరగదు’ అంటాం. సంస్కృతంలోంచి తెచ్చుకున్న ‘అసూర్యంపశ్య’ కూడా అదే. సూర్యుణ్ణి చూడనిది, అంటే అంతఃపుర స్త్రీ. చర్మం ముదరడం గురించి వైద్యశాస్త్రం ఇవాళ చెబుతున్నదాంట్లో ముఖ్యమైన సంగతి ఈ మూడు మాటల్లోనే ఇమిడి ఉంది. చర్మాన్ని బయటినుంచి ముదిరించేవాటిలో మొదటిది ఎండ. అయితే ఎండలో ఎవరుంటారు, నీడలో ఎవరుంటారు అనేది వైద్యశాస్త్రం తేల్చే విషయం కాదు.

ముడతల గురించి స్త్రీవాదులం మాట్లాడుకోవడం కొత్తేమీ కాదు. కానీ మన చర్చ దాదాపు ఎప్పుడూ అద్దం ముందు మొదలై అద్దం ముందే ఆగిపోతుంది. క్రీము రాసుకోవచ్చా, జుట్టుకి రంగు వేసుకోవచ్చా, వేసుకుంటే పితృస్వామ్యానికి లొంగిపోయినట్టా, లేక నా శరీరం నా ఇష్టం అనొచ్చా? లొంగుబాటు, ఎంపిక అనే ఈ రెండు గదుల మధ్య ఏళ్ళ తరబడి తిరుగుతున్నాం. నాకైతే ఆ రెండు గదులూ ఒకే ఇంట్లోవి అనిపిస్తాయి. నీడ ఉన్న ఇల్లు అది.

చర్మానికి రెండు రకాల వార్ధక్యం ఉంటుందంటారు వైద్యులు. లోపలినుంచి వచ్చేది ఒకటి, బయటినుంచి వచ్చిపడేది ఒకటి. పైకి కనిపించే పల్చటి పొర కింద ఒక మందమైన పొర ఉంటుంది. తడి తీసేసి తూస్తే అందులో ముప్పావు వంతు దాకా కొల్లాజెన్ అనే ప్రోటీనే. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేది అది. యవ్వనం తొలిరోజులు దాటాక ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున అది తగ్గుతూ పోతుంది. దాన్ని తయారుచేసే కణాలు నెమ్మదిస్తాయి. చర్మం పల్చబడుతుంది, పొడిబారుతుంది, సన్నటి గీతలు పడతాయి. ఇది రాణికీ దాసికీ ఒకేలా జరిగే పని.

రెండోది అలా కాదు. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాల్లో ‘ఎ’ రకం కిటికీ అద్దాన్ని కూడా దాటి లోపలి పొరదాకా దిగుతుంది. అక్కడ కొల్లాజెన్‌ని కత్తిరించే ఎంజైములు రేగుతాయి. సాగి మళ్ళీ దగ్గరికొచ్చే ఎలాస్టిన్ పోగులు చిక్కుపడి ముద్దకడతాయి. ఈ చర్మం పల్చబడదు, తోలులా మందమై లోతుగా గాళ్ళు పడుతుంది. పొగాకు కూడా ఇలాంటి పనే చేస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకి ఎండా పొగాకూ రెండూ కలిసొస్తాయి. తెల్లవాళ్ళ ముఖాల మీద చేసిన పరిశోధనల్లో, పైకి కనిపించే వార్ధక్య లక్షణాల్లో 80 శాతం దాకా ఎండ వల్ల వచ్చినవేనని లెక్కగట్టారు.

2012లో అమెరికా వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఫొటో వచ్చింది. 28 ఏళ్ళపాటు సరుకుల ట్రక్కు నడిపిన 69 ఏళ్ళ మనిషి ముఖం. వాళ్ళ బళ్ళకి డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి ఆ ఎడమ చెంప మీద ఎండ పడుతూ వచ్చింది. ఎడమ సగం తండ్రిదిలా, కుడి సగం కొడుకుదిలా ఉంటుంది ఆ ముఖం. ఒకే మనిషి, ఒకే రక్తం, ఒకే తిండి. తేడా అల్లా కిటికీ.

అలాంటి రెండు చెంపల్ని ఇద్దరు మనుషుల్లో చూస్తూ పెరిగాను నేను. మా అమ్మ గోదావరి డెల్టాలో ఒక పల్లెటూళ్ళో టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడతో అయిదో తరగతి దాకా చదువుకున్నావిడ మా ఊళ్ళోనే నాట్లకీ కలుపులకీ కోతలకీ వెళుతుంది. అమ్మకన్నా రెండేళ్ళు చిన్న. చూసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. ఊళ్ళో పిల్లలు అమ్మని ‘టీచరుగారు’ అంటారు, ఆవిణ్ణి ‘మామ్మా’ అంటారు. ఆవిడ మాత్రం అమ్మని ‘అక్కా, మీరు’ అంటుంది. అమ్మ ఆవిణ్ణి పేరు పెట్టి ‘నువ్వు’ అంటుంది. ఈ మన్ననల లెక్క వయసుని బట్టి కాదని, కులాన్ని బట్టి అని వేరే చెప్పక్కర్లేదు. వరినాటు వేసే మనిషి నడుం వంచి నేలని చూస్తుంది కదా, ముఖానికి ఎండ తగలదనుకుంటాం. కానీ కింద మడినిండా నీళ్ళు. పైనుంచి వీపుకీ మెడకీ, కిందినుంచి నీటి తళుకు ముఖానికీ. ఆవిడ మెడ వెనక చర్మం ఎండిన చెరువులాగా పెళ్ళలు పెళ్ళలుగా ఉంటుంది. జాకెట్టు కింద, ఎండ తగలనిచోట, చర్మం మా అమ్మ చర్మంలాగే ఉంటుంది.

ఆవిడ తన రెండేళ్ళ చిన్నతనాన్ని ఎక్కడ పోగొట్టుకుంది? అన్నం కంచంలో పోగొట్టుకుంది, ఆవిడ కంచంలో కాదు, మా కంచాల్లో. లోపలినుంచి వచ్చే వార్ధక్యం ఎవరూ ఎవరికీ చేసిన అపకారం కాదు. బయటినుంచి వచ్చిపడేదాంట్లో మాత్రం చాలా భాగాన్ని ఒకరు ఇంకొకరి మీద వేస్తారు. నీతి ప్రశ్న పుట్టేది ఇక్కడ. సౌందర్య సాధనాల మార్కెట్టు ఈ రెంటినీ కలిపి ఒకే డబ్బాలో పెట్టి, ముడత అంటే ముడతే అని చెబుతుంది. వ్యతిరేకించే మనం కూడా, ముడత అంటే ముడతే, అన్నీ అందమైనవే అంటాం.

ఈ రెండోమాట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన కవిత్వంలో, కథల్లో, ఫొటో ప్రదర్శనల్లో ముడతలుపడిన పల్లెటూరి ముసలమ్మ ముఖానికి చాలా గిరాకీ ఉంది. ముడతల్ని సాళ్ళతో పోలుస్తాం, నదులతో, పటాలతో పోలుస్తాం. అనుభవం చెక్కిన శిల్పం అంటాం. రాసేవాళ్ళలో ఎక్కువమంది నీడపట్టున ఉన్నవాళ్ళమే. పోల్చుకుని చూస్తే ఆ సాళ్ళు నిజంగా సాళ్ళే, ఎవరిదో పొలం దున్నగా పడ్డవి. దాన్ని అందం అన్న క్షణంలో దాని కారణం అడగడం మానేస్తాం. అరిగిపోయిన చెప్పుని చూసి ఎంత దూరం నడిచిందో అని మురిసిపోతామే గానీ, ఎవరు నడిపించారని అడగం. నా వరకు నేను ఈ రకం కవిత్వాన్ని మెచ్చుకోలేను. క్రీముల ప్రకటనని మెచ్చుకోలేకపోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

సుసాన్ సాంటాగ్ 1972లో ‘ద డబుల్ స్టాండర్డ్ ఆఫ్ ఏజింగ్’ అనే వ్యాసం రాసింది. మగవాడి ముఖంలో గీతలు పడితే వ్యక్తిత్వం అనీ, ఆడదాని ముఖంలో పడితే చెడిపోయిందనీ చూసే లోకాన్ని ఎండగట్టిన వ్యాసం అది. స్త్రీలు తాము బతికిన బతుకుని ముఖాల మీద కనబడనివ్వాలనేది ఆమె చివరికి చెప్పిన సలహా. మంచి సలహానే. మన సినిమాల్లో అరవై దాటిన నాయకుడి పక్కన పాతికేళ్ళ నాయిక ఆడుతున్నంతకాలం ఆ వ్యాసం పాతబడదు కూడా. అయితే ఆ సలహాలో ‘బతికిన బతుకు’ అన్నప్పుడు, తన బతుకు తను బతికిన మనిషే సాంటాగ్ మనసులో ఉంది. ఇంకొకరి బతుకు కోసం తన చర్మం ఖర్చుపెట్టిన మనిషికి ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు.

అలాగని నీడ అంతా సుఖం కాదు. అసూర్యంపశ్య అనే మాటలో గౌరవం ఎంత ఉందో తాళం కూడా అంతే ఉంది. మా అమ్మమ్మ తరంలో పై కులాల ఇళ్ళల్లో గడప దాటని ఆడవాళ్ళ చర్మం అంత నునుపుగా ఉండడానికి కారణం వాళ్ళు రాసుకున్న సున్నిపిండి, పసుపు మాత్రమే కాదు. వాళ్ళని ఎండలోకి పోనివ్వలేదు. ఆ పసుపైనా ముత్తయిదువగా ఉన్నంతకాలమే. భర్త పోతే పసుపూ లేదు, తలంటూ లేదు. చర్మాన్ని చూసుకునే హక్కు కూడా భర్త ప్రాణంతో ముడిపెట్టారు. ఒక కులంలో ఆడదాన్ని నీడలో బంధించి, ఇంకో కులంలో ఆడదాన్ని ఎండలోకి తరిమి, ఆ తర్వాత ఆ ఇద్దరి ముఖాల్నీ పక్కపక్కన పెట్టి ఏది అందమో తీర్పు చెప్పిన సమాజం మనది.

రంగు సంగతి ఇందులోంచే పుట్టింది. చామనఛాయ, నలుపు అని పెళ్ళిచూపుల్లో వంక పెట్టే ఆ రంగు మెలనిన్. ఎండని ఆపడానికి శరీరం తనంతట తను కట్టుకున్న గొడుగు అది. నల్లటి చర్మం మీద ముడతలు తెల్ల చర్మం కన్నా దాదాపు పదేళ్ళు ఆలస్యంగా వస్తాయని చర్మవైద్యులు చెబుతారు. మన చర్మాల్లో వయసు ముందుగా మచ్చలుగా, మంగుగా కనిపిస్తుంది. వార్ధక్యాన్ని ఆపమని వేడుకుంటూ, దాన్ని ఆపుతున్న రంగుని మాత్రం తీసెయ్యమంటాం. 1975లో మన దేశంలో మార్కెట్లోకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులో ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టుకుంది. పేరు మారినా ఆ కోరిక అలాగే ఉంది. అది ఇంకా చవక దారులు వెతుక్కుంటుంది. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి రాసుకునే స్టెరాయిడ్ క్రీములు మొదట తెల్లగా చేస్తాయి. తర్వాత చర్మాన్ని పల్చన చేసి రక్తనాళాలు బయటికి కనబడేలా చేస్తాయి. ఇరవై ఏళ్ళ పిల్లలకి ముసలి చర్మం తెచ్చిపెట్టేది వాళ్ళు ముసలితనానికి భయపడి కొన్నది కూడా కాదు, నలుపుకి భయపడి కొన్నది.

లోపలి వార్ధక్యం రాణికీ దాసికీ ఒకటే అన్నాను గానీ, అది కూడా ఆంధ్రదేశంలో పూర్తిగా నిజం కాదు. ముట్లుడిగిన మొదటి 5 ఏళ్ళలోనే స్త్రీ చర్మంలో కొల్లాజెన్ 30 శాతం దాకా తగ్గుతుంది. ఈస్ట్రోజెన్ ఆగిపోవడం వల్ల. అది యాభైల్లో రావడం వేరు, ముప్ఫైల్లో తెచ్చిపెట్టడం వేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మన రెండు రాష్ట్రాలే అందరికన్నా ముందు. తెల్లబట్ట అవుతోందని పోతే సంచి తీసెయ్యమన్నారని చెప్పే ఆడవాళ్ళు ఏ ఊళ్ళోనైనా కనిపిస్తారు. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఆ రోజే వచ్చేస్తుంది. వాటిని ఉంచినా చాలామందికి కొన్నేళ్ళు ముందే వస్తుంది. ఎముకలు, గుండె సంగతి ఇంతకన్నా పెద్దది, దాని ముందు చర్మం చిన్న విషయమే. కానీ ‘ఆపరేషనయ్యాక ఒక్కసారిగా ముసలైపోయాను’ అని ఆ ఆడవాళ్ళు అన్నప్పుడు అది అందం పోయిందన్న బాధ అనుకోకూడదు. జరిగిందేమిటో వాళ్ళు సరిగ్గానే చెబుతున్నారు.

వార్ధక్యాన్ని ఒకరి మీదినుంచి ఇంకొకరి మీదికి మార్చవచ్చునన్న ఊహ మన సాహిత్యంలో చాలా పాతది. నన్నయ ఆదిపర్వం చదివినవాళ్ళకి యయాతి గుర్తుంటాడు. శుక్రాచార్యుడి శాపంతో వచ్చిన ముసలితనాన్ని తీసుకోమని కొడుకుల్ని అడుగుతాడు. నలుగురు కాదంటారు, అయిదోవాడు పూరుడు ఒప్పుకుంటాడు. తండ్రి వెయ్యేళ్ళు భోగాలు అనుభవిస్తాడు. ఆ వెయ్యేళ్ళలో దేవయానికీ శర్మిష్ఠకీ ఎంత వయసొచ్చింది, వాళ్ళ ముడతలు ఎవరు తీసుకున్నారు అని కథ అడగదు. పూరుడి భార్య సంగతీ అడగదు. గిరీష్ కర్నాడ్ 1961లో తన ‘యయాతి’ నాటకంలో ఆ భార్యని, చిత్రలేఖని, సృష్టించి అడిగించాడు. ముసలివాడైపోయిన భర్తని చూసి ఆమె విషం తాగి చనిపోతుంది. చ్యవనుడి కథా అంతే. ముసలి ఋషికి అశ్వినీదేవతలు యవ్వనం ఇచ్చారు, ఆయన పేరు మీద ఇవాళ్టికీ లేహ్యం అమ్ముతున్నాం. తండ్రి తప్పించుకోవడానికి ఆ ముసలాయనకి కట్టబెట్టిన సుకన్య పేరు మీద ఏమీ లేదు.

ఇది పురాణమే కదా అనుకోవడానికి వీల్లేదు. ముడతల మీద నిజంగా పనిచేస్తుందని పరీక్షల్లో రుజువైన పైపూత మందుల్లో ముఖ్యమైనది ట్రెటినాయిన్. కొత్త కొల్లాజెన్ పుట్టేలా చేస్తుంది, నెలలు పడుతుంది, కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదు. మొదట మొటిమలకి వాడిన ఈ మందు ఎండకి ముదిరిన చర్మాన్ని బాగుచేస్తుందని 1986లో పరిశోధన ప్రచురించిన వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పేరుమోసిన ప్రొఫెసర్. ఆయన 1951 నుంచి 1974 దాకా ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో ఖైదీల చర్మం మీద ప్రయోగాలు చేశాడు. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. నేరం రుజువుకాకుండానే, జామీను కట్టుకోలేక లోపల ఉన్నవాళ్ళు ఎందరో. కొద్ది డాలర్ల కోసం వీపులు ఇచ్చారు. ఆ చరిత్రంతా అలెన్ హార్న్‌బ్లమ్ 1998లో పుస్తకంగా రాశాడు. దాని పేరు ‘ఏకర్స్ ఆఫ్ స్కిన్’, ఎకరాల కొద్దీ చర్మం. విశ్వవిద్యాలయం 2021లో, ఫిలడెల్ఫియా నగరం 2022లో క్షమాపణ చెప్పాయి. ఎకరాలు అనే మాట మాత్రం నన్ను వదలదు. పొలానికి వాడే కొలత అది.

మరి ఇదంతా తెలిశాక నీడలో ఉన్న ఆడవాళ్ళం క్రీములు మానెయ్యాలా? అలా అనడం తేలిక, ముఖ్యంగా పర్మనెంటు ఉద్యోగాలున్న మనలాంటి వాళ్ళకి. ముడతలుపడితే విశ్వవిద్యాలయంలో మనకి ‘సీనియర్’ అని పేరొస్తుంది. ముఖమే కూలి అయిన ఆడవాళ్ళు ఉన్నారు. 1981లో ఎయిర్ ఇండియా – నర్గీస్ మీర్జా కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళేనాటికి అక్కడ ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్ళకి రిటైరవ్వాలి. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి కడుపొచ్చినా ఇంటికే. మేనేజింగ్ డైరెక్టరు దయ తలిస్తే 45 దాకా పొడిగింపు. అదే విమానంలో పనిచేసే మగ పర్సరుకి 58 ఏళ్ళు. కోర్టు కడుపు నిబంధన కొట్టేసింది, డైరెక్టరు ఇష్టారాజ్యాన్నీ కొట్టేసింది. ఆడవాళ్ళకో వయసూ మగవాళ్ళకో వయసూ పెట్టడంలో మాత్రం వివక్ష లేదంది. ఇలాంటి ఉద్యోగంలో ఉన్న మనిషి కంటి కింద గీత కోసం డాక్టరు దగ్గరికి పోతే, దాన్ని వ్యామోహం అనడం అన్యాయం. టైలరు కత్తెర పదునుపెట్టించుకుంటే వ్యామోహం అంటామా?

థేరీగాథల్లో ఆమ్రపాలి గుర్తొస్తుంది. వైశాలి గణిక. ఆమెకీ ముఖమే జీవనం. ముసలిదై, భిక్షుణి అయ్యాక తన శరీరాన్ని జుట్టునుంచి పాదాలదాకా ఒక్కో భాగం అప్పుడెలా ఉండేది, ఇప్పుడెలా ఉంది అని వరసగా చెప్పుకుంటూ పోతుంది. ఏడవదు, గొప్పలు పోదు. వస్తువుల జాబితా రాసినట్టు రాస్తుంది. ముసలితనం మీద నేను చదివినవాటిలో ఇంత నిబ్బరమైనది ఇంకోటి లేదు. తమిళుల ఔవయార్ కథ ఇంకో దారి చూపిస్తుంది. పెళ్ళి తప్పించుకోవడానికి ఆమె వినాయకుణ్ణి వేడుకుని వయసులో ఉండగానే ముసలిదైపోయిందని చెప్పుకుంటారు. ముసలి ఆడదాన్ని ఎవరూ చూడరు కాబట్టి ఆమె ఊళ్ళు తిరగగలిగింది, రాజులకి బుద్ధి చెప్పగలిగింది. యయాతి కొడుకు దగ్గర యవ్వనం లాక్కున్నాడు, ఔవయార్ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా తన యవ్వనాన్ని ఇచ్చేసి స్వేచ్ఛ కొనుక్కుంది. అయినా స్వేచ్ఛకి ఆ ధర కట్టించుకున్న లోకాన్ని మెచ్చుకోలేం.

నేను సన్‌స్క్రీన్ రాసుకుంటాను. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 903 మంది మీద నాలుగున్నర ఏళ్ళు పరీక్ష చేసి 2013లో ఫలితాలు ప్రకటించారు. రోజూ రాసుకున్నవాళ్ళ చర్మం, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్ళ కన్నా 24 శాతం తక్కువ ముదిరింది. అది చాలు నాకు. లోపలినుంచి వచ్చే ముసలితనంతో నాకు పేచీ లేదు, దాన్ని రానిస్తాను. బయటినుంచి వచ్చేదాన్ని ఆపుకుంటాను. ఆపుకోగలగడం నా గొప్పతనం కాదు, నా పని గదిలో జరుగుతుంది కాబట్టి.

అదే ట్యూబు నాట్లేసే మనిషి వాడాలంటే ఏమవుతుందో ఒకసారి లెక్కవేశాను. ముఖానికి, మెడకి, మోచేతుల కింది దాకా, చెమటకి పోతుంది కాబట్టి రెండు గంటలకోసారి. 50 గ్రాముల ట్యూబు రెండు రోజులు వస్తే గొప్ప. ట్యూబు ఖరీదు ఆవిడ ఒకరోజు కూలికి కాస్త అటూఇటూ. అంటే రెండు రోజులకో రోజు కూలి చర్మానికే. ఎండ సమస్యకి క్రీము జవాబు కాదు. ఆ సంగతి వాళ్ళకి మనకన్నా ముందే తెలుసు. కూలికెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మొగుడిదో కొడుకుదో పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటారు, తలకి తువ్వాలు చుడతారు. చర్మవైద్యులు మొదట చెప్పే రక్షణ కూడా బట్టే. మనం ఆ చొక్కాని పేదరికంగా చూశామే గానీ విజ్ఞానంగా చూడలేదు.

చొక్కా కన్నా గట్టి రక్షణ వేళలు. మధ్యాహ్నం మూడు గంటలు నీడలో ఉంటే చాలా భాగం తప్పుతుంది. కానీ నాట్లు ఇప్పుడు గుత్తకి వేస్తున్నారు. ఎకరానికి ఇంతని మాట్లాడుకుని ముఠాగా దిగుతారు. ఎంత త్వరగా ఎకరం తెమిలితే అంత గిట్టుబాటు, అందుకని నడినెత్తిన ఎండున్నా ఎవరూ గట్టెక్కరు. మిట్టమధ్యాహ్నం వాళ్ళని మడిలో నిలబెట్టేది సూర్యుడు కాదు, కూలి కట్టే పద్ధతి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం షెడ్యూలులో పని దగ్గర తాగునీళ్ళు, మందుల పెట్టె, పిల్లలకీ విశ్రాంతికీ నీడ ఉండాలని రాశారు. నీడని హక్కుగా రాసిన చట్టాలు మనకి ఎన్నో లేవు కాబట్టి ఆ ఒక్కమాట నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. అది ఎంతవరకు అమలైందో మే నెలలో ఒక్క చెరువు పని దగ్గరికి వెళ్ళినవాళ్ళెవరికైనా తెలుసు. టార్పాలిన్ పట్టా ఒకటి, నాలుగు కర్రలు. చాలాచోట్ల అవీ లేవు.

పోయిన వేసవిలో ఇంటికెళ్ళినప్పుడు ఆవిడ మా అమ్మ కోసం వచ్చింది. రేషను దగ్గర రెండుసార్లు వేలిముద్ర పడలేదట. మట్టికీ నీళ్ళకీ ఎరువులకీ అరిగిపోయిన వేళ్ళు, మిషను వాటిని గుర్తుపట్టడం లేదు. కంటిపాప చూసే మిషను ఆ రోజు పనిచెయ్యలేదట. అరుగు కింద నిలబడే అడిగింది. “అక్కా, మీరు రాసుకునే క్రీము కొంచెం పెడతారా? మొహానిక్కాదు లెండి, వేలికి. తడిగా ఉంటే ముద్ర పడుద్దంటన్నారు.” అమ్మ లోపలికెళ్ళి డబ్బా తెచ్చి ఆవిడ అరచేతిలో వేసింది. ఆవిడ కుడిచేతి బొటనవేలికి చాలాసేపు రుద్దింది. మిగిలింది ముఖానికి రాసుకోమంది అమ్మ. ఆవిడ రాసుకోలేదు. ఎడమచేతి వేళ్ళకి పట్టించింది. కుడిది పడకపోతే ఎడమది పెట్టమంటారట.